ఎమిల్ పోయాక పెట్టిన సంతకం

నా పేరు వెర్నా హడాక్. వయసు డెబ్బై నాలుగు. యంగ్‌స్టౌన్ పడమటి వైపు సొంత ఇంట్లో ఉంటున్నాను. చర్చి వంటగదిలో పిండిలో ఆలుగడ్డ ముద్ద కూరి పిరోగీలు చేసేదాన్ని. చేతులు వణుకుతున్నాయని మానేశాను. ఎనిమిదో తరగతి దాకా చదివాను. డిటెక్టివ్ ఫోలీ గారు అడిగితే, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

నా భర్త ఎమిల్ ఉక్కు మిల్లులో పనిచేశాడు. బ్యాంకులో అతనికి రిటైర్మెంటు ఖాతా ఉండేది, యాభై తొమ్మిది వేల డాలర్లు. తన తర్వాత ఇల్లు నాకు, ఖాతా మొదటి భార్య కూతురు రోజ్‌లిన్‌కు అని రాయించాడు. నాకు అభ్యంతరం లేదు. డెబ్బై దాటినవాళ్ళు అందులోంచి ఏటా కొంత తీసి, దానిమీద పన్ను కట్టాలి. డిసెంబరు ముప్పై ఒకటి దాటితే, తీయని దాంట్లో సగం జరిమానా. ఆ సంగతి చెబుతూ బ్యాంకు ఉత్తరం జూన్‌లో వచ్చింది. రోజూ చదివేదాన్ని.

"తీస్తాలేవే, నా ప్రాణం తీయకు" అనేవాడు ఎమిల్.

2016 డిసెంబరు 27, మంగళవారం, ఉదయం 6.10కి ఆసుపత్రిలో పోయాడు. డబ్బు తీయలేదు.

29న ఉదయం పదింటికి వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఫారం నింపాను. అతని పేరు నేనే రాశాను. నలభై ఏళ్ళుగా క్రిస్మస్ కార్డుల మీదా, కరెంటు చెక్కుల మీదా అతని పేరు రాసింది నేనే. ఆ ఏటి వంతు రెండు వేల తొమ్మిది వందలు మాత్రమే తీయాలనుకున్నాను. టిక్కు పక్క గడిలో పెట్టాను. అది మొత్తం ఖాతా తీసేసే గడి.

పదకొండింటికి బ్యాంకుకు వెళ్ళాను. సంచిలో ఎమిల్ గోధుమరంగు మేజోళ్ళు ఉన్నాయి. శవాన్ని సిద్ధం చేసేవాళ్ళు తెమ్మన్నారు.

కౌంటరు కిటికీ వెనక అమ్మాయి, "ఎమిల్ గారేరండీ?" అంది.

"పడుకున్నాడమ్మా."

"మొత్తం తీసేస్తున్నారా?"

ఇంకేమైనా అడుగుతుందేమోనని, "అందులో ఎలా ఉంటే అలా చెయ్యి తల్లీ" అన్నాను. ఫారం వైపు చూడలేదు. డబ్బు మా ఇద్దరి పేరున్న ఖాతాలో పడింది. పన్ను ముందే కోసుకున్నారు.

మార్చి 14న రోజ్‌లిన్ ఆ ఫారం నకలు పట్టుకుని వచ్చింది. దానికి అరవై దగ్గర పడుతున్నాయి. బడి క్యాంటీనులో పని, పెన్షను లేదు.

"నాన్న జన్మలో ఇంత గుండ్రంగా రాయలేదు వెర్నా" అంది.

"డబ్బంతా ఇచ్చేస్తానే."

"ఏం ఇస్తావు? ఖాతా ఖాతాలా ఉంటే ఏటా కాస్త తీసుకుని, కాస్త పన్ను కట్టుకుంటూ బతికేదాన్ని. మొత్తం ఒకేసారి పన్నులో పడేశావు. అప్పటికి ఆయన్ని పూడ్చనైనా లేదు!"

ఎమిల్ పోయాక ఆ ఏటి వంతు తీయాల్సింది రోజ్‌లినేననీ, ఆలస్యమైనా కారణం రాసి అడిగితే పన్నువాళ్ళు జరిమానా మాఫీ చేస్తారనీ తర్వాత బ్యాంకు మేనేజరు చెప్పాడు. నేను ఊరుకుని ఉంటే ఏమీ పోయేది కాదు. నేను ఊరుకోలేదు.

"భయంతో, తెలియక చేశానని రాసుకోనా అమ్మా?" అన్నారు ఫోలీ గారు.

గడి సంగతి నాకు తెలియదు. ఎమిల్ పోయాడని తెలుసు. పడుకున్నాడని చెప్పినప్పుడూ తెలుసు. తెలియదని రాయవద్దన్నాను.

ఇదంతా నాకు రెండుసార్లు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, నిజమే ఉంది.

(సంతకం) వెర్నా హడాక్
2017 మార్చి 22, మధ్యాహ్నం 2.40