ఏడో మైకు

రికార్డింగు గది. పదిహేడు మంది వాయించే జాజ్ బిగ్ బ్యాండు కచేరీ జరిగిన మర్నాడు, ఉదయం తొమ్మిది గంటలు. సౌండు చూసే అమ్మాయి, ట్రాంబోన్ అనే, గొట్టం జరుపుతూ ఊదే ఇత్తడి బాకా వాయించే పెద్దాయన.

"మైకు పాడైపోయిందని రాసుకోమ్మా, గొడవ వదిలిపోతుంది."

"పాడవలేదు బాబాయ్ గారూ. నేనే పెట్టాను, నేనే తీశాను. ఏడో నంబరు మైకు. మీ ట్రాంబోన్‌కి జానెడు దూరంలో ఉంది."

"జానెడంటే దూరమే కదా."

"మీ పక్కాయనకీ జానెడే. ఆయనది మోగిపోతోంది."

"ఆయన మొరటుగా ఊదుతాడు. నాది సుతారం. కొందరి చెయ్యి అంతే."

"సుతారమైనా వినబడాలి కదండీ. రెండు గంటల కచేరీలో మీరు ఊదింది ఒక్కసారి కూడా పడలేదు. మిగతావన్నీ పడ్డాయి."

"మిగతావంటే?"

"వినిపించమంటారా?"

"వద్దులే. సరే, కొంచెం వినిపించు."

"ఇది రెండో పాట. కరకరమంటోంది చూడండి, బిళ్ళ కాగితం విప్పుతున్నారు."

"గొంతు ఆరిపోయిందమ్మా. పెప్పర్మెంటు వేసుకున్నా."

"ఇది నాలుగోది. 'బావ కోటు వెనకాల కుట్టు విడిపోయింది, చూశావా' అంటున్నారు."

"విడిపోయింది మరి."

"ఆరో పాటలో ఆవలింత. ఎనిమిదో పాటలో... అది వినిపించనులెండి."

"అది నాది కాదు. కుర్చీది."

"నేనేమీ అనలేదు. కానీ పదింటికి రికార్డు వేసేవాళ్ళు వస్తున్నారు. మాస్టారిని, అదే మీ బావగారిని, వెంటబెట్టుకుని మరీ వస్తారట. ఒక్కొక్కళ్ళ మైకూ విడివిడిగా వింటారట."

"విడివిడిగానా? అందరం కలిసి వాయించింది విడదీసి వినడం ఏం బుద్ధి? అది సరే, బావ కూడా వింటాడా?"

"ఆయన బ్యాండే కదండీ."

"అమ్మాయ్, ఆ పక్కాయన ఊదిందానికే ఇంకో కాపీ తీసి నా దాంట్లో పడేస్తే?"

"ఆయన తప్పులు కూడా మీ ఖాతాలో పడతాయి."

"తప్పులున్నాయా?"

"పధ్నాలుగు."

"పోనీ సగం పడెయ్యి."

"బాబాయ్ గారూ, ముందు జరిగిందేమిటో చెప్పండి. ఆ తర్వాత నా చేతనైంది చేస్తాను."

"తలుపు వేసుందా?"

"వేసుంది."

"పళ్ళు."

"ఏం పళ్ళు?"

"నా పళ్ళమ్మా. పదకొండేళ్ళ కిందట ముందు పళ్ళన్నీ పోయాయి. కట్టుడు పళ్ళు పెట్టించుకుని ప్రాక్టీసుకి వెళ్ళా. ఊదితే ట్రాంబోన్ మోగలేదు, పళ్ళు మోగాయి. టకటకమని. అందరూ డ్రమ్ములాయన వైపు చూశారు."

"అప్పట్నుంచీ?"

"అప్పట్నుంచీ బుగ్గలు పూరిస్తాను, గొట్టం ముందుకీ వెనక్కీ జరుపుతాను. జరపడంలో మటుకు ఒక్క స్వరం తప్పను. పాటలన్నీ నాకు కంఠతా. ఊదడం ఒక్కటే ఉండదు."

"పదకొండేళ్ళు ఎవరూ కనిపెట్టలేదా?"

"పదిహేడు మంది వాయించేచోట పదహారు మంది వాయిస్తే ఎవడికి తెలుస్తుంది?"

"మానేయచ్చుగా?"

"మానేసి? గురువారం సాయంత్రం ప్రాక్టీసు లేకపోతే నేనెక్కడికి పోవాలి? మీ పిన్ని నా చేత దుప్పట్లు మడతపెట్టిస్తుంది. బావకి చెబుదామని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. ఈలోగా తనే భుజం తట్టి 'నిన్న అదరగొట్టావోయ్' అనేవాడు. ఇంకేం చెప్పను?"

"అదంతా సరే. నాకు అంతుపట్టనిది వేరే ఉంది. తొమ్మిదో పాటలో మీ సోలో ఉంది కదా."

"దాని సంగతి ఎత్తకు."

"ఎత్తాలి బాబాయ్ గారూ. హాలు మొత్తం లేచి నిలబడింది."

"నాకు ముందు చెప్పలేదమ్మా. పాటల పేర్లు చదివే ఆవిడ ఉన్నట్టుండి 'ఇప్పుడు మన పెద్దాయన ఒక్కరే' అనేసింది. లైటు తెచ్చి నా మొహాన కొట్టారు. తొమ్మిది వందల మంది. కళ్ళు గట్టిగా మూసుకుని, బుగ్గలు పూరించి, గొట్టం జరపడం మొదలెట్టా."

"ఆ తర్వాత?"

"మోగింది."

"మోగిందా?"

"ఎటు జరిపితే అటు మోగింది. పదకొండేళ్ళ నుంచి లోపల దాక్కున్నదంతా ఒక్కసారి బయటికొచ్చిందనుకున్నా. ఇంటికెళ్ళి ట్రాంబోన్‌కి దణ్ణం పెట్టి పడుకున్నా."

"మీ మైకులో ఆ పాట కూడా ఖాళీయేనండీ."

"అయితే పక్కాయన ఆదుకున్నాడేమో."

"ఆ టైములో ఆయన నీళ్ళు తాగుతున్నారు. ఆరు గుటకలు, లెక్కపెట్టాను. పదిహేడు మైకులూ విన్నాను, ఎందులోనూ లేదు. ఇంక మిగిలింది పద్దెనిమిదోది."

"పద్దెనిమిదోది ఎవరిది?"

"మాస్టారిది. పాటకీ పాటకీ మధ్య మాట్లాడతారని కాలరుకి తగిలించాం. ఆయన వాయించరు కదా, చేతులు ఊపడమే కదా అని అది ముట్టుకోలేదు. ఇదిగో, వినండి."

"ఆఁ, ఇదే. ఇదే నా ట్రాంబోను."

"ట్రాంబోన్ కాదు. పెద్దగా పెడుతున్నా. మధ్యలో గాలి పీల్చుకోవడం వినబడుతోందా? పెదాల చప్పుడు?"

"పఁవ్... పపపఁవ్... అమ్మాయ్, ఇది నోరు."

"నోరే."

"మా బావ నోరు."

"వీపు జనం వైపు ఉంటుంది కదా. వాళ్ళకేం కనబడుతుంది?"

"నాకు కనబడాలిగా. నేనేమో కళ్ళు మూసుకుని చచ్చాను. అంటే ఆ 'అదరగొట్టావోయ్' అన్నదంతా తన్ను తనే మెచ్చుకున్నాడన్నమాట."

"ఎవరో తలుపు తీస్తున్నారు. అయ్యో, మాస్టారే. ఆపేస్తున్నా."

"ఏమ్మా, వాళ్ళు రాకముందే చిన్న పని ఉండి వచ్చా. ఆ కాలరు మైకు ఉంది చూడు, అది... ఓహో. నువ్వెందుకొచ్చావు బావమరిదీ?"

"ఊరికే వచ్చా బావా. నువ్వు?"

"నేనూ ఊరికే. అమ్మాయ్, ఆ కాలరు మైకు పాడైనట్టుంది. అందులో పడిందంతా చెరిపెయ్యి."

"ఈ పూట ఎవరిని అడిగినా మైకు పాడైందనే అంటున్నారు మాస్టారూ."

"బావా, నేను విన్నా."

"ఏం విన్నావు?"

"పఁవ్ పఁవ్."

"అది దగ్గు."

"దగ్గు తాళంలో ఉంది బావా."

"జలుబు చేస్తే నాకు అలాగే వస్తుంది."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"డ్రమ్ములాయన వైపు అందరూ చూశారే, అప్పుడు నేను నీ వైపు చూశా."

"పదకొండేళ్ళు నోటితో లాక్కొచ్చావా?"

"అన్ని పాటలకీ కాదు. నీ ట్రాంబోన్ అవసరం పడ్డచోటే."

"సిగ్గుతో చచ్చిపోతున్నా బావా. ఇవాళే బ్యాండు కోటు ఇచ్చేస్తా. ఊదడం వచ్చినవాణ్ణి ఎవణ్ణైనా నా కుర్చీలో కూర్చోబెట్టుకో."

"ఎక్కడికి లేస్తావు? కూర్చో."

"కూర్చోను."

"కూర్చోరా. అమ్మాయ్, నువ్వు కాసేపు చెవులు మూసుకో."

"మూసుకున్నాను మాస్టారూ. చెప్పండి."

"నువ్వు పోతే నేను చేతులెలా ఊపాలిరా? కళ్ళు మసకలేసి ఎనిమిదేళ్ళైంది, ముందున్న స్వరాల కాగితాల మీద ఒక్క గీత కనబడదు. అంత దూరాన తళతళమంటూ కనబడేది నీ గొట్టం ఒక్కటే, నువ్వు జరిపినట్టు నేను ఊపుతున్నా, నేను ఊపినట్టు వాళ్ళు వాయిస్తున్నారు."