నాలుగో వాక్యం

ముందుగా క్షమాపణలు. నా వంటి అల్పుడి మాటలకు ప్రభుత్వపు తెల్లకాగితం ఖర్చవుతున్నందుకు, ఇన్‌స్పెక్టర్ మొరినాగా గారి టీ చల్లారిపోతున్నందుకు, మా పత్రిక చదివి ఈ ప్రాంత ప్రజలు పాడుచేసుకున్న కళ్లకు శిరసు వంచి క్షమాపణ కోరుతున్నాను.

నా పేరు నిషిగుచి తొమోహారు. వయసు ఇరవై అయిదు. సాహిత్యంలో పట్టా ఉంది. అది నేరం కాదని ఇన్‌స్పెక్టర్ గారు సెలవిచ్చారు. 'ఇసోకాజె' సాయంకాల పత్రికలో ఉపసంపాదకుణ్ణి.

ఫిబ్రవరి 19 ఉదయం మా తీరంలోని అణు విద్యుత్ కేంద్రంలో పేలుడు జరిగింది. పక్కనున్న ఉనోకి పట్టణంలో కరెంటు, ఫోన్లు పోయాయి. అరవై నాలుగు మంది కొండ మీది బడిలో తలదాచుకున్నారు. వాళ్లకు కబురంటే మా వ్యాన్లో వెళ్లే పత్రికే.

మధ్యాహ్నం 1:10కి పట్టణ కార్యాలయం మనిషి ప్రకటన తెచ్చాడు. నాలుగు వాక్యాలు. నాలుగోది ఇది: 'గాలి కొండవైపు తిరిగినందున బడిలో ఉన్నవారు వెంటనే దక్షిణ రేవులోని వ్యాయామశాలకు వెళ్లిపోవాలి.' 1:40కి పేజీ ముగించాం. అచ్చులో మూడు వాక్యాలే వచ్చాయి.

బడిలోవాళ్లు పత్రిక చదివి అక్కడే ఉండిపోయారు. రెండు రోజులు మంచు కురిసింది. పదకొండు మంది పిల్లలు ఆ మంచుతో బొమ్మలు చేశారు. 21న తెల్లదుస్తులవాళ్లు వచ్చి రేడియేషన్ కొలిచి చూశారు. పిల్లల బూట్లు సంచిలో కట్టి పట్టుకుపోయారు. పదకొండు జతలు. ఇప్పుడే ఏమీ చెప్పలేమని, ఏళ్ల తరబడి పరీక్షలు చేయాలని డాక్టర్లు అన్నారు.

విచారణలో మా పేజీలు కూర్చే కుమెదా గారు, అరవై ఏళ్లాయన, తప్పు తనదేనన్నారు. "నా చెయ్యే జారిందండీ. కళ్లద్దాలు మార్చమని మా ఆవిడ పోరుతూనే ఉంది." రేపు ఆయన మీద కేసు నమోదవుతుంది.

వరండాలో ఆయన్ని పట్టుకున్నాను. "మీరెందుకు ఒప్పుకున్నారండీ?"

"నోర్మూసుకో అబ్బాయ్. ఏడాదిలో రిటైరై ఇంటికి పోయేవాణ్ణి."

"జైల్లో పెడతారండీ!"

"పెట్టనీ. అక్కడ మూడు పూటలా వేడన్నమట. మా ఆవిడ రెండు పూటలే పెడుతుంది."

నేను నవ్వాను. ఆ నవ్వు గురించి ఎవరూ అడగలేదు, నేనే రాయించుకుంటున్నాను.

జరిగింది ఇది. 1:32కి పేజీలో మూడు వరుసలు ఎక్కువయ్యాయి. ఎక్కువైనవి హాస్య కవితవి. దాన్ని ఓ పాఠకురాలి పేరుతో నేనే రాశాను:

వెంటనే ముప్పు లేదట
చెబుతున్న పెద్దమనిషి
ముక్కుకు గుడ్డ

ఊరంతా నవ్వుతుందనుకున్నాను. తీసేయడానికి మనసొప్పలేదు. ప్రకటనలో చివరి వాక్యం తీసేయమన్నాను.

"చదివే చెబుతున్నావా?" అన్నారు కుమెదా గారు.

"చదివానండీ, మామూలు మాటలే."

చదివాను. మామూలు మాటలు కావని తెలుసు. పట్టణ కార్యాలయం మైకు బండి బడికి వెళ్లి చెబుతుందిలే అనుకున్నాను. బండి వెళ్లిందో లేదో కనుక్కోలేదు.

పైన రాసినది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినదే, నిజమే. సంతకానికి బదులు వేసే పేరు ముద్ర వెంట తేనందున ఎడమ చూపుడువేలి ముద్ర వేస్తున్నాను.

నిషిగుచి తొమోహారు