గడపకు బొట్టు

సుల్తానాబాద్‌లో రిటైరైన ఓ గుమాస్తా ఇంటి ముందు తలుపుకు బయట తాళం వేసి ఉంది. లోపల భార్యాభర్తలు గుసగుసలాడుకుంటున్నారు.

“సుగుణక్క పోయిందానే?”

“పోయింది. కిటికిలకెల్లి చూసిన. తాళం చూసి, గడపకు బొట్టు పెట్టి, పెండ్లి కార్డు తలుపు సందుల పెట్టిపోయింది.”

“గడపకు పెట్టినా పిలిచినట్టే గద.”

“ఉత్త చేతులతోటి ఎట్ల పోతమండి? మన బిడ్డ పెండ్లికి ఆమె పట్టుచీర పెట్టింది. మీకొచ్చే పింఛను సిలిండర్‌కు, బీపీ గోలీలకే సాలుతలేదాయె.”

“అందుకే గద, తాళమేసి దొడ్డి తలుపుకెల్లి లోపలికొచ్చిన. సొంతింట్ల దొంగల లెక్క దాసుకునుడైంది.”

“దాసుకొని ఏం లాభం? ఆమెకు ఎరికైంది.”

“ఎట్ల?”

“మనిద్దరి చెప్పులు గడప ముంగటనే ఉండె. వాటిని జర పక్కకు జరిపి బొట్టు పెట్టింది.”