ఉలిగప్పకి ఏడ్చిన మాట

తిప్పక్కకి ఆ పొద్దు కాళ్ళు నిలవలేదంట. ఇంట్లోకి పోతుంది, బయటికొస్తుంది, కొంగు దోపుకుంటుంది, మళ్ళా తీస్తుంది. ఎందుకంటే, చెప్తా వినండి. తిప్పక్క శోకాలు పెట్టే మనిషి. ఆ ఊర్లో ఎవురు పోయినా ముందుగా ఏడ్చాల్సింది ఆమే, వాళ్ళమ్మ కాడినుంచి వచ్చిన హక్కు. ఆ ఊరికి ఒక కట్టడి ఉండె, ఇప్పుడు లేదులే. ఏమంటే, ఎత్తిన పాడె కదలాలంటే పోయినోని గురించి శోకంలో ఒక మాట పడాల. ఆ మాట నిజమై ఉండాల. అబద్ధం పడిందనుకో, మోసేవోళ్ళు పాడె కింద పెట్టేస్తారు. నిజమే కదా అని శవం మీద చెడ్డమాట అన్నా కింద పెట్టేస్తారు. మూడుతూర్లు అట్ల దించితే ఆ మనిషి ఇంక ఆ ఊర్లో నోరెత్తి ఏడవకూడదు. సొంత మొగుడు పోయినా సరే, నోట్లో కొంగు కుక్కుకోని కూర్చోవాల్సిందే.

పోయిందెవురయ్యా అంటే ఉలిగప్ప. ఆ మనిషి నోరు తెరిస్తే తిట్లే. ఎద్దుల్ని తిట్టి, పెండ్లాన్ని తిట్టి, ఎవురూ దొరక్కపోతే గడపని తిట్టేవాడంట. నవ్వకండి, మీ ఇండ్లల్లో లేరా అట్లాంటోళ్ళు. తిప్పక్క తెల్లారినప్పటినుంచి ఇల్లిల్లూ తిరిగింది. అమ్మా, ఉలిగప్ప గురించి ఒక్క మంచిమాట చెప్పండమ్మా అని. ఒకామె ఏమనిందంటే, నా బిడ్డ పెండ్లికొచ్చి పప్పులో ఉప్పులేదని పందిట్లోనే తిట్టిపాయ, మంచిమాట నేనెక్కడ తెచ్చేది అనింది. ఇంకొకాయన, బాగుండావా ఉలిగప్పన్నా అంటే, బాగలేకపోతే నువ్వొచ్చి నా బదులు మంచంలో పొర్లాడతావా అన్నాడు నన్ను, పోవమ్మా పో అన్నాడంట. పొద్దు నెత్తిమీదికొచ్చె. పాడె కట్టడం అయిపాయ. తిప్పక్క కొంగులో ఒక్క మాటా పడలే.

ఇంక చేసేదేముంది, పోయింది. నలుగురూ పాడె ఎత్తుకున్నారు. తిప్పక్క గుండెమీద కొట్టుకోని, నవ్వుమొగం నా తండ్రీ యాడికి పోతివి అని ఎత్తుకుందంట. ఆడోళ్ళు కొంగులు అడ్డం పెట్టుకోని కిసుక్కుమన్నారు. పాడె కిందికి దిగె. రెండోతూరి ఎత్తినారు. ఆమెకి భయమూ కోపమూ రెండూ కలిసొచ్చి, ఒక్కనాడన్నా నవ్వని నా తండ్రీ అనేసింది. నిజమే కానీ చెడ్డమాటయిపాయ. పాడె మళ్ళా కిందికి దిగె. ఊరి తీర్పులు చెప్పే పెద్దకాపు కట్టె తాటించి, తిప్పక్కా, ఇంకొక్కటే ఉంది, పొద్దు వాలేలోగా పడకపోతే పొరుగూరి మనిషిని పిలిపిస్తాం అన్నాడు. ఉలిగప్ప పెండ్లాం ఈరమ్మ మాత్రం శవం తలకాడ కూర్చోని కంట తడి లేకుండా చూస్తాంది. తిప్పక్క, మొగం కడుక్కోనొస్తా ఉండండి అని, ఎవురి మొగమూ చూడకుండా లేచిపోయింది.

పోయి పోయి యాడికి పోయింది, ఉలిగప్ప బాయి కాడికే. దగ్గర్లో ఉండేది అదే కదా. ఒక చేద తోడి, వంగి దోసిలి ముంచింది. నీళ్ళు నోట్లో పడినాయో లేదో, కరువు సంవత్సరం మతికొచ్చింది. ఊర్లో బాయిలన్నీ ఎండిపోయి ఇదొక్కటే ఊరతా ఉన్నప్పుడు, ఉలిగప్ప తన మిరపతోట ఎండబెట్టుకోని ఊరంతటికీ చేది పోసినాడు. పోసినన్నాళ్ళూ తిట్టినాడు. తాగి చావండి అనేవాడు. ఇదే తిప్పక్కని, బానంత కడుపేసుకోని వస్తివా అన్నాడు, అంటానే కుండ అంచులదాకా నింపినాడు. ఏమైందంటే, నీళ్ళు గొంతు దిగిపాయ, తిట్లు చెవుల్లో నిలిచిపాయ. అదీ మనుషుల సంగతి. తిప్పక్కకి అప్పుడొచ్చింది ఏడుపు, నిజమైన ఏడుపు. తుడుచుకోకుండా అట్లే పరిగెత్తింది.

పాడె లేసింది. తిప్పక్క చేతులు చాపి, చల్లని నిప్పువయ్యా ఉలిగప్పా, చావండంటా బతికించినోడా, తిట్టుతిట్టుకీ నీళ్ళు పోసినోడా అని ఎత్తుకుంది. మోసేవోళ్ళు అడుగెయ్యాల్నో దించాల్నో తెలీక నిలబడిపోయినారు. పెద్దకాపు, నిప్పేంది, చల్లగుండేదేంది, ఇది మంచా చెడ్డా అని నోరు తెరిచినాడు. అప్పుడు ఈరమ్మ లేచింది. నలభై ఏండ్లు కాపురం చేసినా, ఆయప్పని ఏమని చెప్పాల్నో నాకే తెలీకపాయ, ఆయమ్మ చెప్పింది, అదీ నా మొగుడు, ఎత్తండి అని, అంతవరకూ ఏడవని మనిషి భోరుమని పడిపోయిందంట. ఆ నీళ్ళు తాగినోళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు ఏడ్చినారు. పాడె సాగిపోయింది.

రాసుకుంటాండే సారూ, చల్లని నిప్పు మాదిరి ఒకదానికొకటి పడని రెండు మాటల్ని ఒక కాడికి కట్టేదానికి ఇంగ్లీషులో పెద్ద పేరే ఉందంట. మా మనమరాలు చెప్తే నాకు నోరు తిరగలే. పేరుతో మనకేం పని. ఒక్కమాటలో పట్టే మనిషైతే ఒక్కమాట చాలు, పట్టకపోతేనే తిప్పక్క మాదిరి తిరగాల. ఈ కతలు చెప్పే నేను పోయినపొద్దు మాత్రం ఎవురూ ఇల్లిల్లూ తిరగొద్దండి. నిజాలు చెప్పిన అబద్ధాలకోరు అని ఏడ్వండి, పాడె దానంతటదే లేస్తుంది.