నాలుగు దేశాల బండి

బీర్పూర్ దగ్గర గోదావరి ఇసుక. మిట్టమధ్యాహ్నం. నాలుగు చక్రాల రేసు బండి మీద హరీశ్, పక్కన బండి యజమాని మధుకర్.

"పెండ్లిపీట మీద కూసున్నట్టు కూసుంటివేంది, తమ్మీ? ముందుకు వంగు. ఇది టూ స్ట్రోక్. ముందుగాల ఊపు లేనట్టే ఉంటది, ఒక్కసారి అందుకుందంటే ఇసుకల ఇసిరేస్తది."

"నేనేడ నడుపుతున్న మధుకరన్నా? వీడియోకే వచ్చిన."

"మొన్న ఫొటో, ఇయ్యాల వీడియో. ఇంకెన్ని రోజులు? ఏజెంటు నిన్ను ముంబైల ఇడిసిపెట్టి పోయిండని పెండ్లానికి చెప్పరాదు?"

"ఏం మొఖం పెట్టుకొని చెప్పాలె? బట్ట నేసే సాంచెలు బందైనయి, మస్కట్‌ల మెకానిక్‌గ పోతున్ననని సిరిసిల్లల వాడకట్టంత చెప్పి ఎల్లిన. ఆర్నెల్ల సంది జగిత్యాల్‌ల హోటల్‌ల గిన్నెలు..."

"గిన్నెలు?"

"గిన్నెల డిపార్ట్‌మెంట్ చూస్తున్న."

"థూ! ఏడేండ్లు ఎడారిల చేతులు కాల్చుకొని నేర్చిన పని నాది. మనోళ్లకు నడుపుడు నేర్పుదామని బండి తెస్తే ఫొటో స్టూడియో చేసిండ్రు గద! పెగడపల్లాయన దుబాయ్ అంటడు, ముత్యంపేటాయన ఖతర్, కోరుట్లాయన కువైట్, నువ్వు మస్కట్. ఒక్క బండి మీద నాలుగు దేశాలు!"

"తియ్యన్నా. రిపేర్ చేస్తున్నట్టు తియ్యి."

"అయితే ప్లగ్గు ఇప్పు. ఏం రంగుంది?"

"నల్లగుంది."

"ఎందుకు?"

"కడగలే."

"గిన్నె అనుకున్నవా? పెట్రోల్ల ఆయిల్ ఎక్కువైతే గట్లయితది. ముప్పై లీటర్లకు ఒక్క లీటరు, గది లెక్క. తక్కువ పోస్తే పిస్టన్ పట్టేస్తది, ఎక్కువ పోస్తే పొగనే పొగ."

"మరెందుకు ఎక్కువ పోసినవ్?"

"నీ అసొంటోళ్ల కోసమే! పొగల గోదావరి కనవడది, తుమ్మచెట్లు కనవడయి. అచ్చం ఎడారే. మీ ఇజ్జత్ కోసం బంగారమసొంటి ఇంజన్‌ను ఖరాబు చేస్తున్న."

"ఆగాగు, ఫోను. మా వసంత! స్పీకర్ల పెడ్త. ప్లగ్గు బిగించి కిక్కు కొట్టు, చప్పుడు ఇనవడాలె... హలో, వసంతా! పనిల ఉన్న. షేకు బండి. ఇనవడుతుందా?"

"ఇనవడుతుంది. తిన్నవా?"

"బిర్యాని తిన్న. నీ దిక్కు గా చప్పుడేంది, సాంచెలు నడుస్తున్నయా?"

"సాంచెలేడియి? ఆటో."

"ఎటు పోతున్నవ్?"

"చెప్త గని, ముందుగాల ఒకటి చెప్పు. మొన్నటి ఫొటోల, బండి సీటుకు గా ఎర్రబట్ట అతుకు ఎవరేసిండ్రు?"

"అదా... షేకు పెండ్లాం."

"షేకు పెండ్లానికి బతుకమ్మ చీరె ఎవలిచ్చిండ్రు?"

"ఏ చీరె?"

"మన సాంచె మీద నేసిన అంచు నేను గుర్తువట్టనా? నేసినోడివి నువ్వే, దాని మీదనే కూసున్నవ్, నీకే గుర్తురాలే."

"తమ్మీ, అది మా ఇంటామె చీరె..."

"నువ్వు సప్పుడు చెయ్యకన్నా!"

"ఎవలతోని మాట్లాడుతున్నవ్?"

"షేకుతోని."

"షేకు 'తమ్మీ' అంటడా? ఇగ చాలు. నిన్ను పంపిన ఏజెంటు దొరికిండని పేపర్ల వస్తే ఠాణాకు పోయిన. నీ పాస్‌పోర్ట్ నా చేతుల పెట్టిండ్రు. ఆడనే ముత్యంపేట స్వప్న, కోరుట్ల జ్యోతి కలిసిండ్రు. ముగ్గురం ఫోన్లు పక్కపక్కన పెట్టి చూసుకున్నం. ఖతర్‌ల గదే అతుకు, కువైట్‌ల గదే అతుకు!"

"వసంతా..."

"జ్యోతి మొగడు నిన్న కువైట్ నుంచి పల్లెవెలుగు బస్సుల దిగిండు. అంత ఒప్పుకున్నడు."

"తిట్టు వసంతా. నాలుగు తిట్టు."

"తిట్టుడా? ఏడ్చిన. నువ్వు ఎండకు మాడుతున్నవని ఆర్నెల్లు సల్లనీళ్లు గొంతు దిగలే నాకు. బస్సెక్కితే వచ్చేంత దూరంల ఉండి, గింత అబద్ధమా? పని దొరకకపోతే ఇంటికి రావద్దని నేనన్ననా?"

"అనలే. నాకే సిగ్గైంది."

"తమ్మీ, ఆటో అన్నది గద! బండి బందు చేస్త, తుమ్మలల్లకు ఉరుకుదాం."

"గా షేకుకు చెప్పు, బండి బందు పెట్టొద్దని. బీర్పూర్ దాటినం, ముగ్గురమున్నం. గా పొగనే చూసుకుంట వస్తున్నం."