భుజం మీద పాల మరక

మొగుడు గుమ్మంలో బూట్లయినా విప్పకముందే, తొమ్మిదో నెల కడుపుతో ఆవిడ అతని నిన్నటి చొక్కా పట్టుకుని ఎదురొచ్చింది.

"ఈ వారంలో ఇది మూడోసారి. భుజం మీద ఈ మరకేమిటి?"

"క్రేన్ నడిపేవాడి చొక్కా. గ్రీజు కాక అత్తరు ఉంటుందా?"

"గ్రీజు కాదు, పాలు కక్కిన వాసన. పైగా పిల్లలకి పూసే పౌడరు."

"అదీ..."

"నీళ్ళు నమలకండి. షిఫ్టు నాలుగింటికే అయిపోతోందట, మీ వాచ్‌మన్‌ని అడిగాను. ఆరింటిదాకా ఎక్కడుంటున్నారు? ఎవరి బిడ్డ?"

"మా ఫోర్‌మన్ కూతురు. రెండు నెలల పిల్ల."

"దానికి మీ భుజమే దొరికిందా?"

"ఎత్తుకుంటానని నేనే బతిమాలుకున్నాను."

"నన్ను నమ్మమంటారా?"

"పది టన్నుల ఇనుముని గాల్లోకి లేపి, అంగుళం తేడా రాకుండా దించుతానా? ఆ పిల్లని మొదటిసారి చేతుల్లో పెడితే ఎక్కడ పట్టుకోవాలో తెలీక తిరిగిచ్చేశాను. రేపు మన బిడ్డని జారవిడిస్తే? అందుకే రోజూ వెళ్ళి నేర్చుకుంటున్నాను. చెబితే నవ్వుతావని చెప్పలేదు."

ఆవిడ నవ్వలేదు. చొక్కాని ఇంకోసారి వాసన చూసింది.

"మెడ కింద చెయ్యి ఎలా పెట్టాలో నేర్పారా?"

"ఆఁ, ముందు అదే నేర్పారు."

"అయితే రేపు నన్నూ తీసుకెళ్ళండి."

"ఇంకా అనుమానమేనా?"

"అనుమానం కాదండీ. కడుపులో మొయ్యడమంటే దానంతటదే వచ్చేసింది. చేతుల్లో మొయ్యడం నాకూ రాదు."