చుట్టుదారి బేరం

తుంగవలస సంత వెనకాల, ఏటిగట్టు మొదట్లో, తొర్రపడిన చింతచెట్టొకటుంది చూశారూ, సంతకొచ్చినవాళ్ళు ఎండలో మాడిపోతారు గానీ దాని నీడకి మాత్రం పోరే, ఆ చెట్టు సంగతి చెబుతున్నా. మన దాలినాయుడైతే, నాగావళి ఒడ్డున తనని చూసి జడవని దెయ్యమే లేదనేవాడు. అనేసి, పక్కవాళ్ళు మొహాలు చూసుకుంటే, "పగటిపూట సంగతేలే" అని తనే సర్దుకునేవాడు. పొద్దుగూకాక పెరట్లోకి పోవాలంటే పెళ్ళాం తవిటమ్మ దీపం పట్టుకుని ముందు నడవాలి. మరి వెనక ఎవరు నడుస్తారా అని ఆయనకి అదో బెంగ.

ఆ చెట్టు దగ్గరే ఒక దారి మొదలవుతుంది. గట్టెక్కి ఏటి వెంబడే పోయి, రేవు దాటాక కిందికి దిగి, మనిషెత్తు జమ్ము మొలిచిన ఊబినేలలో, కాలు వస్తే చెప్పు రాని బురదలో వంకర్లు తిరిగి తిరిగి, ఆఖరికి ఎక్కడికి చేరుతుందంటారు? మళ్ళీ ఆ చింతచెట్టు దగ్గరికే. ఎక్కడికీ పోని దారి ఎందుకని అడుగుతారేమో, పశువుల సంతన్నాక అది ఉండాలి. ఎద్దుని కొనేవాడు పళ్ళు చూస్తాడు, తోక మెలిపెడతాడు, గిట్టెత్తి తడతాడు, అన్నీ అయ్యాక ఆ చుట్టుదారంట ఒకసారి తిప్పుకొస్తాడు. గట్టు మీద ఏ ఎద్దయినా దొరబాబులాగే నడుస్తుంది, దాని అసలు రంగు ఊబిలో తెలుస్తుంది. మొరాయించకుండా తిరిగొచ్చిందా, బేరం ఖాయం. కానీ పొద్దు తాటిమట్టల మీదికి దిగిందంటే మాత్రం ఎవరూ తిప్పరు, దళారి గౌరయ్య మూలాన.

దళార్ల బేరం నోటితో జరగదు కదా. తుండుగుడ్డ కింద చెయ్యీ చెయ్యీ కలిపి వేళ్ళు నొక్కడమే, పక్కవాడికి ధర తెలియకుండా. గౌరయ్య అలా చెయ్యి పట్టుకున్నాడంటే బేరం తెగేదాకా వదిలే మనిషి కాదు. ఒకనాడు బేరం మధ్యలో ఎద్దు బెదిరి ఊబిలో పడి పరిగెత్తితే, దాని వెనకాలే తనూ పరిగెత్తాడు. ఎద్దు బయటికొచ్చింది, గౌరయ్య రాలేదు. తెగని బేరంతో పోయినవాడు కుదురుగా ఉంటాడా? అందుకని, చీకటిపడే వేళ ఆ దారిలో ఎవరైనా నీ చేతి మీద గుడ్డ వేస్తే చెయ్యి మాత్రం ఇవ్వకు అని ఆ సంతలో పాలు తాగే పిల్లకి కూడా చెప్పి పెడతారు. దాలినాయుడికీ తెలుసు. ఏమీ తెలియనివాడితో చిక్కు లేదు, అన్నీ తెలిసినవాడితోనే చిక్కంతా.

ఇంతకీ ఆ రోజు సంగతేమిటంటే, తెల్లారితే ఏరువాక. దాలినాయుడి జోడెడ్లలో ఒకటి కిందటేడు పోయింది, బావమరిది ఎడ్లు ఖాళీ అయ్యేదాకా కాసుక్కూర్చుని ఊరంతా విత్తాక విత్తితే చేను మోకాలెత్తు లేవలేదు, ఇంట్లో గంజి పలచబడింది. "ఈ ఏడు కూడా ఒట్టి చేతుల్తో వచ్చావంటే, కాడికి రెండో పక్క నిన్నే కడతాను" అంది తవిటమ్మ, పొద్దున్నే చద్దిమూట చేతికిస్తూ. ఆవిడ నవ్వుతూ అనలేదు, అదీ ఆయన్ని పట్టుకున్న భయం.

సంతలో పారయ్య అనే ఒక ముసలాయన మచ్చల ఎద్దుని తెచ్చాడు, చూడగానే దాలినాయుడికి కళ్ళు నిలిచిపోయాయి. మరి కొనుక్కుని ఇంటికి పోవచ్చు కదా? పోతే దాలినాయుడెలా అవుతాడు? నచ్చిందంటే ధర పెరుగుతుందని నచ్చలేదన్నాడు, ఆ తరవాత కొమ్ములు వంకరన్నాడు, ఆ తరవాత అలిగి మిఠాయి కొట్టుదాకా పోయి తిరిగొచ్చాడు, ఎవరో కొనేస్తున్నారేమోనని పరిగెత్తుకుంటూ వచ్చాడు. సాయంత్రానికి పారయ్యకి తల వాచిపోయింది. "బాబూ, నువ్వన్న ధరకే ఇచ్చేస్తాను, తోలుకుపో. నా చెవులు నాకు మిగిలితే చాలు" అన్నాడు. అప్పుడైనా ఊరుకున్నాడా? చుట్టు తిప్పకుండా కొంటే ఊళ్ళో నవ్వుతారన్నాడు. పొద్దు చూడమని పారయ్య మొత్తుకుంటే, "గౌరయ్యా? కనిపిస్తే నా దగ్గర బేరం నేర్చుకుని పోతాడు" అన్నాడు. ఇంక నీ ఇష్టమని పారయ్య తాడు చేతిలో పెట్టి, టీ కొట్టు బల్ల మీదికెళ్ళి కూలబడ్డాడు.

గట్టు మీద ఏ గొడవా లేదు. ఊబిలోకి దిగాక ఎద్దు చెవులు నిక్కబొడుచుకుని ఒక్క క్షణం ఆగింది. జమ్ములో నీటికోళ్ళు కూతలు ఆపేశాయి. దాలినాయుడు తాడు బిగించి అదిలించేంతలో, చేతి మీద తడిగుడ్డ పడింది. ఆ గుడ్డ కింద ఒక చెయ్యి, బురదలోంచి అప్పుడే తీసిన దుంపలా, చల్లగా.

మీరైతే ఏం చేస్తారు? పరిగెత్తుతారు. దాలినాయుడు పరిగెత్తాలనే అనుకున్నాడు పాపం. కానీ గుడ్డ కింద వేళ్ళు తగిలేసరికి ఆయన వేళ్ళు ఊరుకోలేదు, బెల్లం ముందు చీమల్లా వాటంతటవే కదిలిపోయాయి. అవతలి చెయ్యి అయిదు వేళ్ళూ పట్టి నొక్కింది. ఎద్దుని అమ్మేది లేదని చెప్పడం మానేసి, అయిదు చాలవన్నట్టు ఈయన తిరిగి నొక్కాడు. అయిపోయింది, ఇక బేరం తెగేదాకా ఆ చెయ్యి వదలదు. పక్కన మనిషంత నీడ నడుస్తోంది, మధ్యన గుడ్డ ఊగుతోంది, చింతచెట్టు వచ్చింది, హమ్మయ్య అనుకునేలోపే కాళ్ళు మళ్ళీ గట్టెక్కేశాయి.

ఆ చుట్టులో అవతలి చెయ్యి ఒక వేలు తగ్గించింది. ఇక భయమెటు పోయిందో గానీ, దాలినాయుడికి చిరాకు ముంచుకొచ్చింది. బేరమన్నాక పాకుతూనైనా పైకి పోవాలి గానీ కిందికి దిగుతుందేటయ్యా అని మొదలెట్టి, ఎద్దు ముందరి కాళ్ళ గురించి చెప్పాడు, మచ్చల గురించి చెప్పాడు, పొద్దుట్నుంచి తను వంకలు పెట్టిన కొమ్ములనే ఇప్పుడు పొగిడాడు. ఈలోగా ఒక చెప్పు ఊబిలో ఉండిపోయింది. మళ్ళీ చింతచెట్టు, మళ్ళీ గట్టు, ఇంకో వేలు తగ్గింది. ఆయాసం, కుంటినడక, జారి మోకాళ్ళ మీద పడటం. "రేపు ఏరువాక, ఇంటిదగ్గర ఆడమనిషి కాసుక్కూర్చుంది, నీకైతే పనిలేదు, నాకుందయ్యా, తేల్చు" అని దెయ్యం మీదే విసుక్కున్నాడు. దెయ్యం ఇంకో వేలు తగ్గించింది.

అప్పుడు మళ్ళీ చింతచెట్టు వచ్చింది. చెట్టు కింద, హాయిగా నెమరేస్తూ, మచ్చల ఎద్దు నిలబడి ఉంది. మెడకి తాడు లేదు. పాపం ఎవర్రా ఇది అన్నట్టు ఈయన వంక చూసింది.

మరి ఇంతసేపూ చేతిలో ఉన్న తాడు సంగతేమిటి? తడుముకుంటూ పోయాడు. చేతిలోంచి భుజం మీదికొచ్చింది, భుజం మీంచి పైకి పోయింది, ముడి తన మెడ దగ్గరే దొరికింది.

కేక వేద్దామని నోరు తెరిచాడా, చల్లటి బొటనవేలొకటి కింది పెదవిని లాగి పళ్ళు చూసింది. చెప్పులేని కాలెత్తి మడమ మీద తట్టింది. నడుం మీద ఒక్కటి చరిచింది. గుడ్డ కింద ఒక్క వేలు మిగిలింది, అది కూడా ఆలోచించుకుని వదిలేసింది. నీడ ఆయన చెవి దగ్గరికి వంగి ఏదో అని, తాడు విప్పి, జమ్ములోకి నడిచిపోయింది.

టీ కొట్టు దగ్గర పారయ్య, ఎద్దు ఎప్పుడో ఒంటరిగా చుట్టు తిరిగొచ్చింది, ఎక్కడా మొరాయించలేదు, నువ్వే కనబడలేదన్నాడు. ఆ మాటతో బేరం ఖాయమైంది. ఒంటిచెప్పుతో ఎద్దుని తోలుకుని ఇల్లు చేరితే, తవిటమ్మ ఎద్దు నుదుటికి కుంకం పెట్టి, మొగుడి మెడ మీది తాడు ఒరిపిడికి ఇంత పసుపు రాసింది. తెల్లారి ఊరందరితో పాటే ఆ ఇంటి నాగలీ కదిలింది.

దెయ్యాన్ని ఎలా వదిలించుకున్నావని అడిగినవాళ్ళకల్లా దాలినాయుడు ఒక్కోలా చెప్పాడు. ఆంజనేయస్వామి దండకం చదివానని కొందరికి, మెడ పట్టి ఊబిలో ముంచానని కొందరికి. విని విని తవిటమ్మకి విసుగొచ్చింది. చేను నడుమెత్తు లేచిన రోజున, చేనిగట్టు మీద మొగుణ్ణి కూచోబెట్టి నిలదీసింది. "అంత పట్టుబట్టినోడు నిన్ను ఊరికే ఎందుకొదిలాడయ్యా?"

అందుకే చెబుతున్నా, చీకటిపడే వేళ అటు పోకండి. గౌరయ్య ప్రాణాలు తీయడు, ఆ భయమేమీ లేదు. ఖరీదు కట్టి వదిలేస్తాడు. ఆ తరవాత మీరు బతకాలి.

దాలినాయుడు గడ్డిపరక తుంచాడు, దూరంగా మేస్తున్న మచ్చల ఎద్దుని చూశాడు, ఇంక తప్పదనుకుని గొంతు తగ్గించి చెప్పాడు, చెవిలో దెయ్యం అన్న మాట: "ఆ ఎద్దునైతే కొందును. దానికి కొసరుగా ఇచ్చినా వీణ్ణి మాత్రం తీసుకోను."